బొమ్మ మీద కేసు

చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ సరస్వతిని వస్త్రాలు లేకుండా గీసింది 1970లలో. గొడవ మొదలైంది మాత్రం 1996లో, ఒక హిందీ మాసపత్రిక ఆ బొమ్మను అచ్చువేశాక. ఇన్నేళ్లలో గీత ఒక్కటీ మారలేదు, చూసేవాళ్లు మారారు. చిత్రకళ తెలిసిన నలుగురి మధ్య ఉన్నన్నాళ్లూ అది బొమ్మే. పూజలు చేసుకునే ఇళ్లకు చేరాక అమ్మవారైంది.

ప్రాణప్రతిష్ఠ జరిగితేనే విగ్రహం దేవుడని ఆగమాలు చెప్పినా, మన ఇళ్లలో ఆ లెక్క నడవదు. శుభలేఖ మీది వినాయకుడికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకుంటాం. పాత క్యాలెండరును చెత్తలో వేయడానికి చెయ్యి రాదు. ఆ క్యాలెండరులో చీరకట్టుతో కూర్చున్న సరస్వతి మన కళ్లకు ఇంతగా అలవాటు కావడం చాలావరకు రవివర్మ చలవే. గుడి గోడల మీద శిల్పాలకు ఆ చీరకట్టు లేదు కదా అని హుస్సేన్ తరఫువారు వాదించారు. నిజమే, కానీ నొచ్చుకున్న మనిషికి అది జవాబు కాలేదు. శిల్పి భక్తితో చెక్కాడని అతని నమ్మకం. గీసినవాడు ముస్లిం అన్న సంగతీ ఆ కోపంలో కలిసింది, దాన్ని దాచి మాట్లాడటం అనవసరం.

ఇదే హుస్సేన్ సోషలిస్టు నాయకుడు లోహియా మాట మీద, హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిత్తి అండతో రామాయణ చిత్రాలు వేశారు. వాటిని ఎడ్లబండ్ల మీద పల్లెలకు తీసుకెళ్లి చూపించామని ఆయన చెప్పుకునేవారు.

మనసు నొచ్చుకుందా లేదా అన్నదొక్కటే చట్టానికి చాలదు. 1927లో శిక్షాస్మృతిలోకి వచ్చిన 295-ఎ సెక్షన్ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299) కింద నేరం కావాలంటే మత విశ్వాసాలను కావాలనే, దురుద్దేశంతో అవమానించి ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థిస్తూనే, తెలియకో అజాగ్రత్త వల్లో జరిగిన అవమానం దాని కిందికి రాదంది. పైగా ప్రభుత్వం ముందుగా అనుమతిస్తే తప్ప కోర్టు ఆ కేసును చేపట్టకూడదు.

ఇంత కట్టుదిట్టం ఉండగా హుస్సేన్ చివరికి దేశం ఎందుకు వదిలినట్టు? అశ్లీలం లాంటి వేరే సెక్షన్లున్నాయి, వాటికి ఆ అనుమతి అక్కర్లేదు. ఫిర్యాదు ఎక్కడో దూరపు ఊళ్లోనూ పడొచ్చు. 1998లో ముంబైలో ఆయన ఇంటిపై దాడి జరిగింది. ‘భరతమాత’ పేరుతో వివాదమైన ఆయన మరో చిత్రంపై వేర్వేరు రాష్ట్రాల్లో పడ్డ కేసులను సుప్రీంకోర్టు ఢిల్లీకి బదిలీ చేయాల్సి వచ్చింది. 2008 మేలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ వాటిని కొట్టేశారు. అప్పటికి హుస్సేన్‌కు తొంభై దాటాయి, దేశం విడిచి రెండేళ్లయింది. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నారు, 2011లో లండన్‌లో పోయారు.

శిక్ష పడకుండానే ఆయన శిక్ష అనుభవించారనే నేనంటాను. ఫిర్యాదు రాగానే సమన్లు పంపకుండా మేజిస్ట్రేట్లు ముందు దాన్ని నిశితంగా చూడాలని ఆ తీర్పులోనే కౌల్ రాశారు.