కారు కొనకముందు కూర్చొని లెక్క చూద్దాం

మొన్న ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘంలోని ఒక సహోదరుడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, రిటైర్మెంటు డబ్బు వచ్చింది. కారు కొందామంటే అబ్బాయి ఎలక్ట్రిక్ అంటున్నాడు, అల్లుడుగారు హైబ్రిడ్ అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. మీరేమంటారు?" అని అడిగారు. ఆ డబ్బుతోనే చిన్నమ్మాయి పెళ్ళి కూడా జరగాలి. గోపురం కట్టేవాని గూర్చి ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) గుర్తొచ్చింది. కాగితం, పెన్ను తీసుకొని ఇద్దరం కూర్చున్నాం.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతోపాటు చిన్న బ్యాటరీ, మోటారు ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తి బ్యాటరీలోకి చేరుతుంది. ప్లగ్గు పెట్టే పని లేదు. ఎలక్ట్రిక్ కారుకు ఇంజనే లేదు, అంతా బ్యాటరీయే.

నడిపే ఖర్చు: నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. హైబ్రిడ్ లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తే 50 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే నెలకు 5,500. ఎలక్ట్రిక్ కారుకు సుమారు 160 యూనిట్లు. ఇంటి కరెంటు యూనిట్ 8 రూపాయలైతే 1,280. పదేళ్ళలో తేడా ఐదు లక్షలు దాటుతుంది! అయితే బయటి చార్జింగ్ కేంద్రంలో యూనిట్‌కు 20 రూపాయలు కడితే నెలకు 3,200 అవుతుంది. మిగులు దాదాపు సగం తగ్గిపోతుంది.

పన్ను: ఎలక్ట్రిక్ కార్లకు జిఎస్‌టి 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న హైబ్రిడ్లకు 18, పెద్దవాటికి 40 శాతం. తెలంగాణలో 2024 నవంబరు నుండి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను మినహాయింపు ఇచ్చారు.

మరమ్మతులు: ఎలక్ట్రిక్ కారుకు ఇంజన్ ఆయిలు, ప్లగ్గులు అక్కరలేదు. కాని బరువు ఎక్కువ గనుక టైర్లు త్వరగా అరుగుతాయి. రెండు రకాలలోనూ అనేక కంపెనీలు బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఆ తరువాత మార్చవలసి వస్తే ఎలక్ట్రిక్ బ్యాటరీ చాలా పెద్దది గనుక ఖర్చూ పెద్దదే. అందుకే పాతబడ్డాక అమ్మితే ధర కూడా తగ్గుతుంది.

ఇక మా సహోదరుని సంగతి. ఆయన ఉండేది అపార్టుమెంటులో; పార్కింగులో ప్లగ్గు లేదు. గుడికి, బజారుకు, అప్పుడప్పుడు ఊరికి కలిపి నెలకు 300 కిలోమీటర్లకు మించదు. ఆ లెక్కన హైబ్రిడ్‌కు 1,650, బయట చార్జింగ్ చేస్తే ఎలక్ట్రిక్‌కు 960 రూపాయలు. తేడా 690 మాత్రమే! దాని కోసం ఆయన తీసుకోదలచిన అప్పు 6 లక్షలు. 9 శాతం వడ్డీతో ఏడేళ్ళకు నెలవారీ కిస్తు సుమారు 9,650. వడ్డీయే 2 లక్షల 10 వేలు.

ఆయన కాసేపు మౌనంగా ఉండి, "అన్నా, మేము ఏ కారు అని వాదించుకున్నాం గాని, ఇప్పుడు కారు అవసరమా అని ఎవరమూ అడగలేదు" అన్నారు. పెళ్ళి అయ్యేవరకు కారు మాట ఆపి, ఈలోగా పార్కింగులో మీటరు కోసం అపార్టుమెంటు వారిని అడగాలని ఆ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత అందరూ ఒప్పుకున్నారట.

ప్రియ పాఠకులారా, ఎక్కువ తిరిగేవారికి, ఇంట్లో చార్జింగ్ ఉన్నవారికి ఎలక్ట్రిక్ కారు లాభం. దూర ప్రయాణాలు ఎక్కువై, ప్లగ్గు వసతి లేనివారికి హైబ్రిడ్ నయం. పక్కింటివారి కారును చూచి కాదు, మన రాకపోకలను చూచి నిర్ణయించుకుందాం. మన చేతిలోని డబ్బు దేవుడు అప్పగించినదే. మనం గృహనిర్వాహకులం మాత్రమే.