ఓడెక్కి వచ్చిన డబ్బాకి గోదావరి ఓ లెక్కా?

"సముద్రాలు దాటి వచ్చిందండీ ఇది. మీ గోదావరి దీన్నేం చేస్తుంది?" ఇల్లుగా వాడుకుందామని పాత షిప్పింగ్ కంటైనర్ బేరానికి వెళ్ళినవాళ్ళకి ముందుగా వినిపించే మాట ఇదే. ఈ ఒక్క మాట నమ్మి లంక పొలాల్లో, రొయ్యల చెరువు గట్ల మీద డబ్బాని నేలమీదే దించేసి, కిటికీలు కోసి, పిల్లాజెల్లాతో కాపురం పెట్టేస్తున్నారు. అడుగున తుప్పు తినేస్తే పోయేది డబ్బే. కానీ వరద కబురు వచ్చాక కూడా "మనది ఇనప ఇల్లు కదా" అని కదలకుండా కూర్చుంటే పోయేది ప్రాణం. అందుకే ఈ మాట సంగతి ముందు తేల్చాలి.

సముద్రం దాటింది ఓడ. కంటైనర్ దాని మీద కూర్చుని వచ్చింది, అంతే. నాలుగు మూలల్లో ఉన్న ఇనప దిమ్మెల కన్నాల్లో తాళాలు బిగించి, అడ్డంగా కడ్డీలు లాగి కట్టి తీసుకొస్తారు. ఆ కట్లు లేకపోతే ఏమవుతుందో 2025 మే 25న కేరళ చూసింది. కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ మునిగిపోతే, దాని మీది కంటైనర్లు తేలుకుంటూ కొల్లం, ఆలప్పుళ ఒడ్లకి కొట్టుకొచ్చాయి. ఇనుమైతే మునగాలి కదా అంటారా? ఓడా ఇనుమేనండి.

లెక్క చూద్దాం. ఇరవై అడుగుల ఖాళీ కంటైనర్ బరువు సుమారు 2.3 టన్నులు. అడుగు వైశాల్యం 14.8 చదరపు మీటర్లు. నీరు ఫ్లోరుకి తగిలాక, లోపలికి చొరబడనంతసేపూ, ఒక్కో సెంటీమీటరు ఎత్తుకి దాదాపు 148 కిలోలు పైకి ఎత్తుతుంది. అంటే 16 సెంటీమీటర్లు పెరిగేసరికి డబ్బా లేస్తుంది. మంచాలు, బీరువా, ఫ్రిజ్, గోడలకి కొట్టిన ప్లైవుడ్, డబ్బాతో సహా అన్నీ కలిపి నాలుగు టన్నులు అనుకున్నా అడుగు లోతు కూడా అక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు. ఆ రోజుల్లో లంకల్లో నీళ్ళు అడుగుల లెక్కన నిలిచాయా, నిలువుల లెక్కనా అన్నది మీ ఇంట్లో పెద్దవాళ్ళనే అడగండి.

"లోపలికి నీళ్ళొస్తే తేలదు కదా" అనే తెలివైనవాళ్ళూ ఉన్నారు. నిజమే, తేలదు. మీ పరుపులు, బియ్యం బస్తాలు మునుగుతాయి, వండ్రు మట్టి ఫ్లోరు సందుల్లోకి దిగిపోతుంది. నీళ్ళు రాకపోతే ఇల్లు కొట్టుకుపోతుంది, వస్తే సామాను పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

సముద్రం చూసిన డబ్బా గట్టిదన్నది ఇదే మాటకి రెండో కొస. అసలు దాన్ని అమ్మింది ఎందుకు? పది పన్నెండేళ్ళు ఉప్పుగాలిలో తిరిగి, సొట్టలు పడి, ఇంక సరుకెత్తడానికి పనికిరాదని పక్కన పెట్టాక మీ దాకా వచ్చింది. ఈ డబ్బాలు చేసే కార్టెన్ స్టీల్ తుప్పు పట్టదనేది అమ్మేవాడి పాట. అది తుప్పు పడుతుంది. పట్టిన పొర గట్టిపడి లోపలి ఇనుముని కాపాడాలంటే తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తూ ఉండాలి. అంతర్వేది, ఓడలరేవు గాలిలోని ఉప్పు ఆ పొరని నిలవనివ్వదు. నేలకి ఆనించిన అడుగు అసలు ఆరనే ఆరదు. గోడ రేకు మందం రెండు మిల్లీమీటర్లకి అటూఇటూ. ఇంక మీరే ఊహించుకోండి.

మిగతా నమ్మకాలకి ఇంత చోటు దండగ.

చక్రాలు పెట్టుకు తరలించే డబ్బాకి పర్మిషన్ అక్కర్లేదట. మనుషులు కాపురముండే కట్టడం ఇనుముతో చేసినా కట్టడమే. లంక భూమైతే 1884 నాటి నదుల చట్టం ఇంకా బతికే ఉంది.

సగం భూమిలో పాతితే చల్లగా ఉంటుందట. బరువు మోసేవి మూలస్తంభాలు. పక్క గోడలు మట్టి ఒత్తిడికి లోపలికి వంగుతాయి.

ఎప్పుడంటే అప్పుడు ఎత్తుకుపోవచ్చట. క్రేను, ట్రైలరు తిరగలేని కాలవగట్టు మీద పెట్టి ఆ మాట అనకండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటాను.

ఏసీ పెడితే వేడి బాధ ఉండదట. మే నెలలో రేకు పెట్టెకి ఏసీ పెట్టి కరెంటు బిల్లు వచ్చాక మాట్లాడుకుందాం.

ఒక్క మాట దగ్గర మాత్రం తలవంచక తప్పదు. "రొయ్యలు ఎగుమతి చేసే పాత రీఫర్, అంటే చల్లబెట్టే కంటైనర్, కొంటే ఎండ బాధ తక్కువ" అంటారు. నిజమే. దాని రెండు పొరల మధ్య నురుగు ఇన్సులేషన్ ఫ్యాక్టరీలోనే నింపేసి ఉంటుంది. మామూలు డబ్బాకి అంత బాగా చేయించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అలాగని ఎగబడొద్దు. ఆ నురుగులోకి నీరు దిగితే ఇన్సులేషన్ పోయినట్టే. పైగా గాలి చొరబడని పెట్టె కాబట్టి గాలి ఆడే దారులు తప్పనిసరి. వాసన కూడా చూసుకోండి, పాత రొయ్య అంత తేలిగ్గా వదలదు.

ఇంత చెప్పినా కొనేవాళ్ళు కొంటారు. కొంటే ఇలా కొనండి. మిట్టమధ్యాహ్నం వెళ్ళి లోపల నిలబడి తలుపులు వేయించుకోండి. రెండు నిమిషాలు ఆగి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పైకప్పు మూలలు, గోడల కింది అంచు చూడండి. చుక్కల్లా వెలుగు కనిపించిన చోటల్లా చిల్లి ఉన్నట్టే, కొత్త రంగు ఎంత నిగనిగలాడినా సరే. తర్వాత రెండు దిమ్మెల మీద ఎత్తించి, టార్చి పట్టుకుని అడుగున దూరండి. ఫ్లోరుని మోసే అడ్డ దూలాల్ని సుత్తితో కొట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచిది. డబ్‌మని మోగి రేకులు రాలితే బేరం అక్కడితో ఆపేయండి. తలుపు మీద భద్రతా ఆమోదం తెలిపే సీఎస్‌సీ పలక ఉండాలి. దాని మీద తయారైన తేదీ, ఫ్లోరు చెక్కకి పట్టించిన పురుగుమందు పేరు ఉంటాయి. ఆ చెక్క మీద పసిపిల్లలు పాకుతారని మర్చిపోకండి. తీసేసి కొత్తది వేయించండి, లేదా పూర్తిగా సీలు చేయించండి.

దించేటప్పుడు నాలుగు మూలల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టి, మూలల్ని వాటికి బోల్టులతో బిగించండి. 1996 నవంబర్ 6 తుఫాను చూసిన కోనసీమవాళ్ళకి గాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ డబ్బాని గాలే పడదోస్తుంది. దిమ్మెల ఎత్తు ఇంజనీరుని అడిగే ముందు పక్కింటి గోడ మీది పాత వరద గుర్తుని అడగండి. దానికన్నా పైకి కట్టలేకపోతే అక్కడ కంటైనర్ పెట్టకండి. కిటికీ కోసిన ప్రతిచోటా చుట్టూ బాక్స్ సెక్షన్ ఫ్రేము వెల్డింగ్ చేయించండి, లేదంటే కోసిన గోడ బలం పోతుంది. పైన గాలి ఆడేలా తాటాకు పందిరి వేయండి, ఏసీ కన్నా ముందు అది. ఇక మూడో హెచ్చరిక ఎగరేశారంటే, తలుపు తాళం వేసి పునరావాస కేంద్రానికి నడవండి. ఇనప ఇల్లు కాబట్టి ఉండిపోదామనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.