చివరి బెంచీకి కనపడే స్లైడు

సాంకేతిక సదస్సులో పత్రం సమర్పించడమంటే, రాసిన వ్యాసాన్ని ముక్కలు చేసి స్లైడుల మీదికి ఎక్కించడమేనని మన విద్యార్థుల్లో చాలామంది అభిప్రాయం. పది పేజీల పత్రం ఇరవై స్లైడులవుతుంది. వక్త తెర వైపు తిరిగి చదువుతూ ఉంటాడు. సభలోని వారు అంతకు ముందే చదివేసి గడియారం చూసుకుంటూ ఉంటారు. ఇది నవ్వుకుని వదిలేసే విషయంలాగే కనిపిస్తుంది గాని, అన్నిచోట్లా అలా ఉండదు.

2003 జనవరి 16న అమెరికాలో కొలంబియా వ్యోమనౌక నింగికెగసింది. అందులోని ఏడుగురిలో చండీగఢ్ పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న మన కల్పనా చావ్లా ఒకరు. బయలుదేరిన సుమారు 82 సెకన్లకు బయటి ఇంధనపు ట్యాంకు నుంచి ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతటిదో లెక్కకట్టిన ఇంజనీర్లు తమ అంచనాలను స్లైడుల రూపంలోనే నాసా అధికారుల ముందుంచారు. వాటిలో ఒకటి తర్వాత ప్రపంచమంతా చర్చకు వచ్చింది. దాని శీర్షిక చదివితే, పరీక్షల ఫలితాలు ధైర్యమే చెబుతున్నాయి, భయం లేదు అన్న భావం కలుగుతుంది. కింద మెట్లు మెట్లుగా ఆరు స్థాయిల్లో దిగే పొడి పొడి వాక్యాలు. ‘గణనీయం’ అనే అర్థమిచ్చే ఒకే ఇంగ్లీషు మాట, ఒక్కో చోట ఒక్కో అర్థంలో, ఐదుసార్లు. అసలు సంగతి అట్టడుగున ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు ఊడినది 1920 ఘనపు అంగుళాలని అంచనా. అంటే 640 రెట్లు! పాత పరీక్షలు ఇక్కడ పనికిరావని ఆ ఒక్క లెక్కే చెబుతోంది కదా.

ఫిబ్రవరి 1న తిరిగివస్తూ కొలంబియా టెక్సాస్ మీద ముక్కలైంది. ఏడుగురూ మరణించారు. దీనికంతటికీ ఒక స్లైడే కారణమనడం అన్యాయం. యంత్ర లోపమూ ఉంది, సంస్థ ధోరణీ ఉంది. అయితే గణాంకాలను బొమ్మల్లో చూపడంలో ఆరితేరిన ఎడ్వర్డ్ టఫ్టీ ఈ స్లైడును విడమరిచి చేసిన విశ్లేషణను దర్యాప్తు సంఘం తన నివేదికలో చేర్చింది. సాంకేతిక పత్రాలకు బదులు స్లైడులతో సరిపెట్టుకునే అలవాటును తప్పుపట్టింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఆ శీర్షికలోనే ‘ఊడిన ముక్క పరీక్షించిన దానికి 640 రెట్లు’ అని ఉండి, కింద రెండు ముక్కలూ ఒకే కొలతలో పక్కపక్కన గీసి ఉంటే ఎవరికీ సందేహం మిగిలేది కాదు. మనం ‘ఫలితాలు’, ‘చర్చ’ అని శీర్షికలు పెడతాం. అవి బీరువా అరలకు అంటించే చీటీలు. దానికి బదులు ‘ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ రాగి తీగ నిరోధం పెరిగింది’ అని పూర్తి వాక్యం రాసి, కింద ఒక్క గ్రాఫు పెట్టండి. ఇంజనీరింగ్ విద్యార్థులకు ప్రసంగ విద్య నేర్పిన మైకేల్ ఆలీ ప్రచారం చేసిన పద్ధతి కూడా ఇదే.

అక్షరాల సైజుకు చిన్న లెక్క ఉంది. హాలులో తెర వెడల్పు 3 మీటర్లు, చివరి బెంచీ 15 మీటర్ల దూరం అనుకోండి. అంటే వెడల్పుకు 5 రెట్లు. మీ ల్యాప్‌టాప్ తెర 30 సెంటీమీటర్లుంటే దానికి మీటరున్నర దూరంలో నిలబడి చదవండి. కళ్లు చికిలించవలసి వస్తే మాటలు తగ్గించి అక్షరాలు పెంచాలి. తెలుగులో రాసేవారు వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ ఇవ్వాలి. ఒత్తులు కిందికీ గుళ్లు పైకీ పోతాయి గనుక, ఇంగ్లీషుకు చాలిన ఎడంలో అవి ఒకదానికొకటి తగులుకుంటాయి.

రంగుల మోజు వద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు సభలో ఉండవచ్చు. ఒక గీతను నిండుగా, మరొకదాన్ని చుక్కలుగా వేసి పక్కనే పేరు రాస్తే సరి. ఇక తెల్లటి తెరపై పసుపు అక్షరాలంటారా, కర్టెన్లు సరిగా మూతపడని మన సెమినార్ హాళ్లలో అవి దేవుడికే కనపడాలి.

పెద్ద పట్టికలూ, సమీకరణాల ఉత్పత్తులూ పత్రంలోనే ఉండనివ్వండి. అడిగినవారికి ఇవ్వడానికి నాలుగు ప్రతులు దగ్గర పెట్టుకోవచ్చు. పూలగుత్తి బొమ్మతో ‘థాంక్యూ’ అనే ఆఖరి స్లైడు మాత్రం తీసేయండి. ప్రశ్నలు అడిగే ఆ ఐదు నిమిషాలూ తెర మీద మీ ముఖ్యమైన గ్రాఫే ఉండాలి.