కదలెడు బొమ్మల వ్యాపారము

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరమున తెరువబడినపుడు దాని ముఖ్యమైన సరకు మాంగనీసు ఖనిజము. ఒక్క సరకునే నమ్ముకొన్న రేవునకు ఆ సరకు గిరాకి తగ్గినచో ఓడలు తగ్గును. కాలక్రమమున ఇనుప ఖనిజము, బొగ్గు, చమురు, ఎరువులు మున్నగునవి చేరుటచే ఆ భయము తొలగినది. బొమ్మలతో కథలు చెప్పు సంస్థలకు గూడ ఇట్టి చిక్కే కలదు. హైదరాబాదు నందలి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ చరిత్రము ఇందుకు తార్కాణము.

ఈ సంస్థను 2001లో రాజీవ్ చిలక స్థాపించిరి. ఆయన అమెరికాలో కంప్యూటరు విద్యను, పిమ్మట శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ కళను అభ్యసించిరి. ఈ కళ మిక్కిలి వ్యయముతో గూడినది. తెరపై బొమ్మ ఒక సెకను కదలుటకు సాధారణముగా 24 చిత్రములు కావలెను. పదునొకండు నిమిషముల కథకు లెక్కింపుడు: 15,840! ఒకే చిత్రమును రెండుమారులు చూపి శ్రమ కొంత తగ్గింతురు గాని, అప్పటికిని మిగిలిన పని కొండంత. పరుల కథలకు బొమ్మలు గీసిన సంస్థకు కూలి ఒక్కమారే ముట్టును. బొమ్మ మాత్రము పరులదే యగును.

కావున ఈ సంస్థ తన సొంత కథలపై దృష్టి నిలిపినది. 2008లో పోగో టెలివిజనులో 'ఛోటా భీమ్' ప్రారంభమైనది. ఇతడు పాండవులలోని భీముడు కాడు. ధోలక్‌పూర్ అను కల్పిత రాజ్యపు బాలుడు. లడ్డూ తినగనే ఇతనికి బలము వచ్చును. (ఈ ఉపాయమును మన పిల్లలు తల్లుల యొద్ద ఎన్నిమారులు ప్రయోగించిరో!) బొమ్మ తనదే గనుక, సంచులపైనను, దుస్తులపైనను, పెన్సిలు పెట్టెలపైనను దానిని ముద్రించుకొను అనుమతిని సంస్థ ఇతరులకిచ్చి ప్రతిఫలము పొందెను. సొంత దుకాణములును తెరచెను. 2012లో భీముడు సినిమాశాలల కెక్కెను.

2019లో నెట్‌ఫ్లిక్సులో వచ్చిన 'మైటీ లిటిల్ భీమ్' మరింత యుక్తితో గూడినది. అందు భీముడు మాటలు రాని పసివాడు. సంభాషణలు లేని కథకు అనువాదముతో పనియేమి? ఏ దేశపు శిశువైనను చూచి నవ్వవచ్చును. 2024లో నిజమైన నటులతోనే భీముని చిత్రము తీసిరి.

సరకులు పలు రకములైనవి గాని, వానినన్నిటిని మోయుచున్న ఓడ ప్రధానముగా ఒక్కటే. 'మైటీ రాజు' వంటి క్రొత్త కథలోని నాయకుడు సైతము భీముని చెలికాడే. ఆ బాలునిపై పిల్లలకు మోజు తగ్గినచో సంచులు, చిత్రములు, దుకాణములు అన్నియు ఒక్కమారే తగ్గవలసి వచ్చును.