మందు పేరు మారిస్తే చాలునా?

పిల్లవాణ్ణి ‘మొద్దబ్బాయి’ అని నాలుగుసార్లు పిలిస్తే, అయిదోసారి వాడే ఆ మాటకి పలుకుతాడు. కాలేజీల్లోనూ ఇదే సంగతి.

అమెరికాలో లెక్కల్లోనో, ఇంగ్లీషులోనో వెనకబడి కాలేజీకి వచ్చినవాళ్ళకి విడిగా పాఠాలు చెప్పడం పాత పద్ధతే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1849లోనే మొదలుపెట్టింది. తరవాత వాటికి ‘రెమీడియల్’ క్లాసులన్న పేరొచ్చింది. రెమిడీ అంటే మందు. మందిస్తున్నామంటే ఎదుటివాడు రోగి అనేగా అర్థం? అందుకని ‘డెవలప్‌మెంటల్’, అంటే వికాసానికి తోడ్పడే చదువు, అన్నారు. ఈ ఉపాధ్యాయుల జాతీయ సంఘం 1976లో పుట్టినప్పుడు రెండు మాటలూ పేరులో పెట్టుకుంది. కొన్నాళ్ళకి మొదటిది తీసేసింది. 2019లో రెండోదీ తీసేసి, ‘విద్యార్థి విజయం’ అని చేర్చుకుంది.

పేర్లు మారాయి సరే, క్లాసు మారిందా? ఫీజు కట్టాలి, పాసైనా అది డిగ్రీ లెక్కలోకి రాదు. దాంతో కొత్త పేరుకీ పాత మచ్చే అంటుకుంది. ఎందరో మధ్యలోనే చదువు మానేశారు.

2007లో బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ వేరే దారి తొక్కింది. ఇటువంటి విద్యార్థుల్ని నేరుగా మొదటి ఏడాది ఇంగ్లీషు క్లాసులోనే అందరితో కూచోబెట్టింది. అది కాగానే అదే టీచరు వాళ్ళకి మాత్రం ఇంకో క్లాసు చెప్తారు. ఆ పాఠం గట్టెక్కినవాళ్ళు పెరిగారు.

మనమూ ‘వీడికి లెక్కలు రావు’ అని పదిమందిలో అనడం మానుదాం. ‘ఈ లెక్క ఇంకా రాలేదు’ అందాం. అని ఊరుకోక, పక్కన కూచుని చెప్పిద్దాం. మాటకి చేత తోడైతేనే ఫలం.