గెల ధర ఆకులో ఉన్నది
అరటి కణాల ముందుచావుకూ, లారీ సరుకుకూ ఉన్న లంకె

రావులపాలెం అరటి మార్కెట్టులో గెల దించుకున్న కమీషన్ వ్యాపారి ముందుగా చూసేది అత్తాలు, కాయ పుష్టి, తొడిమ. ఆ చెట్టు ఆకులు ఎలా ఉన్నాయని అడిగేవారు తక్కువ. ఆకులు తోటలోనే ఉండిపోతాయి గదా! కాని ఒడిశాకో, బెంగాలుకో ఎత్తిన సరుకు దారిమధ్యనే పసుపు తిరిగి, దిగిన చోట అయినకాడికి తెగనమ్ముకోవలసి వచ్చినపుడు, అందుకు గల కారణాలలో ఒకటి ఆ ఆకులలోనే ఉన్నది. సిగటోకా ఆకుమచ్చ తెగులు బాగా పట్టిన చెట్టుకు కాయ నిండక ముందే మాగుడు మొదలవుతుంది. ఎత్తేటప్పుడు పచ్చిగా కనబడిన గెల లారీలో ఆగదు.

సిగటోకా అన్నది ఫిజీ దీవులలోని ఒక లోయ పేరు. ఈ తెగులును కలిగించే శిలీంధ్రం ఆకు అడుగుభాగాన ఉండే సన్నని రంధ్రాలగుండా లోనికి పోతుంది. వెంటనే ఏమీ చంపదు. కొన్ని వారాలు కణాల సందుల్లో గుట్టుగా బ్రతికి, బలం పుంజుకున్న తరువాత ఆకును చంపడం మొదలుపెడుతుంది. రైతుకు మచ్చ కనబడేసరికి పని సగం జరిగిపోయి ఉంటుంది.

కలకత్తా-4 అనే అడవి అరటి వద్ద మాత్రం దీని ఆట సాగదు. పండు నిండా గింజలు. బజారుకు పనికిరాని సరుకు. అయితే శిలీంధ్రం రంధ్రంలో అడుగుపెట్టగానే ఆ చుట్టుప్రక్కల ఉన్న కొద్ది కణాలు తమంతట తాము చనిపోతాయి. బ్రతికిన కణాల మీద ఆధారపడి పెరగవలసిన శత్రువుకు చుట్టూ శవాలు తప్ప మేత దొరకదు. ఆకు మీద చిన్న చుక్క మిగులుతుంది, చెట్టు నిలుస్తుంది. మన తోటల్లోని లొంగే రకాల్లోనూ కణాలు చస్తాయి. తేడా అల్లా అవి ఆలస్యంగా, శత్రువు చేతిలో చస్తాయి. ధర జారుతున్నదని తెలిసిన మొదటి పూటే కొద్ది నష్టానికి సరుకు వదిలించుకున్న వర్తకుడికీ, చివరిదాకా పట్టుకు కూర్చున్నవాడికీ ఉన్న తేడా ఇదే. అందుకే అరటి సంకరణం చేసేవారు ఈ పనికిరాని చెట్టునే తండ్రి మొక్కగా వాడుకుంటున్నారు.

మొక్కలలోని ఈ గుణాన్ని గోధుమ కుంకుమ తెగులుపై పరిశోధిస్తూ అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాక్‌మన్ 1915లోనే గుర్తించి 'అతి స్పందన' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. లోపలి యంత్రం ఎట్లా తిరుగుతుందో తెలియడానికి మరో వందేళ్లు పట్టింది. శత్రువు జాడ పసిగట్టే కాపలా ప్రోటీన్లు కణంలో మామూలుగా ముడుచుకొని పడి ఉంటాయి. జాడ తగిలితే విచ్చుకుంటాయి. అటువంటివి ఐదు కలిసి ఒక చక్రంలా ఏర్పడతాయని చైనా శాస్త్రజ్ఞులు 2019లో చూపారు. ఆ చక్రం కణం పొరకు చిల్లు పెట్టి కాల్షియంను లోపలికి వదులుతుందని 2021లో తేలింది. ఆ తరువాత కణం బ్రతకదు.

చావును పిలవడం ఎంత ముఖ్యమో, దాన్ని ఆపడమూ అంత ముఖ్యం. ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కలో అడ్డుకట్ట వేసే జన్యువు చెడిపోతే, ఒక చోట మొదలైన చావు ఆకంతా ప్రాకిపోయిందని 1994లో ప్రకటించారు. కుళ్లిన కాయను తీసివేయబోయి గెలంతా చెక్కివేసినట్లు!

పనామా ఎండు తెగులు విషయం దీనికి తలక్రిందులు. ఇది మట్టిలో పదుల ఏళ్లు నిలిచి, వేరుగుండా దుంపలోకి, నీటి నాళాల్లోకి ప్రాకుతుంది. తానే విషం వదిలి కణాలను చంపి, చచ్చిన కణాలనే తింటుంది. ఇక్కడ చావు చెట్టుకు రక్ష కాదు, శత్రువుకు విందు. కోనసీమలో అమృతపాణి దీనికి ఇట్టే లొంగుతుందనీ, కర్పూర చక్రకేళి తట్టుకుంటుందనీ పాత రైతులందరికీ తెలిసినదే. తినడానికి అమృతపాణి, వ్యాపారానికి కర్పూర అనుకోవడం రుచి ఎరిగినవారికి కష్టమే అయినా, తెగులు ముందు రుచి మాట చెల్లదు.

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ రెండు దారులనూ కావెండిష్ అరటిలో పరీక్షించారు. కాపలా ప్రోటీన్ల కుటుంబానికి చెందిన జన్యువును ఒక అడవి అరటినుంచి తెచ్చి కొన్ని మొక్కల్లో పెట్టారు. మరికొన్నిటిలో, కణం చావును ఆపే జన్యువును ఒక సన్నని పురుగునుంచి తెచ్చి పెట్టారు. ఎండు తెగులు ఉన్న నేలలో నాటితే రెండు విధాలలోనూ ఒక్కొక్క వంశం మూడేళ్లపాటు తెగులు లేకుండా నిలిచిందని 2017లో వెల్లడించారు. అడవి అరటి జన్యువు గల రకానికి 2024 ఫిబ్రవరిలో ఆ దేశం సాగు అనుమతి ఇచ్చింది.

ఈ ప్రయోగాలకు కారణమైనది పనామాలోనే నాలుగవ జాతి. పాత జాతి దెబ్బకు గ్రోమిచెల్ రకం 1960లలో ప్రపంచ ఎగుమతి బజారునుంచి తప్పుకోగా, దాన్ని తట్టుకున్న కావెండిష్ ఆ చోటు ఆక్రమించింది. నాలుగవ జాతి ఈ కావెండిష్‌నే చంపుతుంది. మన దేశంలో అది బీహారు తోటల్లో ఉన్నట్లు 2019లో ప్రకటించారు. ఇది గాలిలో ఎగిరివచ్చే తెగులు కాదు. పిలకతోను, మట్టితోను, పారే నీటితోను వస్తుంది. కొత్తపేట, రావులపాలెం లంక తోటల్లో గోదావరి వరద ప్రతి ఏటా మట్టిని ఒక తోటనుంచి మరొక తోటకు మోస్తూనే ఉంటుంది. కనుక ఆ ప్రాంతాలనుంచి తిరిగివచ్చిన లారీని టైర్ల బురద కడిగించాకే తోటలోకి దించాలి. అక్కడి పిలకలు ఎంత చౌకగా వచ్చినా వద్దనాలి. తోట మొత్తం గుత్తకు మాట్లాడేవారు గెల వేసే నాటికి చెట్టుకు ఎనిమిది పచ్చని ఆకులైనా ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవడం మేలు. అంతకు తగ్గితే ఆ సరుకును దూరం కట్టకుండా దగ్గర బజార్లకే ఎత్తుకోవాలి.