విస్తరి ముందు సత్యవాక్యము

తెలుగువాడు భుజించు అన్నము మూడు విధములు. ఇంట తినునది ఒకటి. పిలువగా పోయి విందున తినునది రెండవది. రూకలు చెల్లించి పూటకూటి యింట తినునది మూడవది. ఇంటి వంటకు వంక పెట్టినచో వండిన తల్లి మనసు నొచ్చును. విందునకు వంక పెట్టుట మర్యాద గాదు. ఉప్పు చాలని కూర తినియు "అన్నదాతా సుఖీభవ" యని లేవవలసినదే. ఉన్నదున్నట్లు చెప్పుటకు తావు గలది మూడవ చోటు మాత్రమే. అచ్చట తినువాడు ఋణపడడు. పెట్టువాడును దయతో పెట్టుట లేదు. అయినను ఆ స్వేచ్ఛ దొరికినచోట చాలమంది నోట వెలువడునవి రెండే మాటలు: "బ్రహ్మాండముగా నున్నది", "నోట పెట్టరాదు". ఈ రెంటి నడుమ సత్యమునకు విశాలమైన చోటు కలదు. అందు సంచరించువారే అరుదు.

తెలుగు సాహిత్యమున అట్లు సంచరించిన వారు లేకపోలేదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము 15వ శతాబ్దపు రచన. కొందరు పండితులు దీనిని శ్రీనాథ కృతముగా భావించిరి. అందు గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు కాకతీయుల ఓరుగల్లు వీథులలో ఒక దినమెల్ల తిరుగుదురు. ఆ నగరమున లక్ష్మణవజ్ఝల వారి పూటకూటి యిల్లు ఒకటి. ఆ యింట ఒక్క రూకకు లభించు భోజనమును కవి ఒక పద్యమున వర్ణించెను. పరిమళించు మేలైన అన్నము, గోధుమల పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, గడ్డపెరుగు. అందు గమనింపదగినది కవి పద్ధతి. ఆయన "అద్భుతము" అని ఊరకొనలేదు. పదార్థము పేరు చెప్పెను. నేయి ఎప్పుడు కాచినదో చెప్పెను. పెరుగు ఎంత చిక్కనో చెప్పెను. ఎవరి యింట తిన్నదియు, ఎంత వెలకు తిన్నదియు చెప్పెను. ఆ పద్యము విన్నవాడు తానును అచటికి పోవలెనో మానవలెనో నిశ్చయించుకొనగలడు. భోజనశాలను గూర్చి నిజము చెప్పుట యన నిదియే.

దీనికి ఎదురుగా నిలుచునవి పల్నాటి చాటువులు. శ్రీనాథునివిగా ప్రచారమున నున్న ఆ పద్యములలో సన్నబియ్యపు అన్నమునకు అలవడిన నాలుక జొన్నకూటిని చూచి మొరపెట్టుకొనును. ఆ మొర నిజమే. కాని అది న్యాయమా? జొన్న పండు నేలలో జొన్నయే వండుదురు. అది నేల స్వభావము, వండిన యిల్లాలి దోషము గాదు. నాగార్జునసాగరు కాలువలలోనికి 1967లో నీరు వదలిన పిదప పల్నాట వరి పండినది. నేడు పట్టణములలో సాయంకాలము రోడ్డు ప్రక్కన పెనము పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముచుండగా, వరియన్నము మానదలచినవారు వరుసగా నిలిచి కొనుచున్నారు. ఒకనాటి నింద్యము నేడు పథ్యమైనది. పొరుగూరి భోజనమును తీర్పు తీర్చువాడు తన నాలుక అలవాటును పదార్థపు గుణముతో కలిపివేయరాదని ఆ చాటువులు తెలియకయే బోధించుచున్నవి.

ఇక నేటి విస్తరి కడకు వచ్చినచో, ఏ జిల్లా పట్టణమునందైనను బస్సు నిలయము వెనుక సందులో ఒక మెస్సు ఉండును. పన్నెండు గంటలకు "భోజనం తయార్" అను పలక వాకిట వ్రేలాడును. అట్టి యొక మెస్సును ఒక నడివయసు ఇల్లాలు నడుపుచున్నది. సమీప పాఠశాల ఉపాధ్యాయుడొకడు అచట నిత్యభోక్త. ఒకనాటి అతని విస్తరి ఇట్లున్నది: దోసకాయ పప్పు మెత్తగా ఉడికి, పోపు కమ్మగా వేగినది. గోంగూర పచ్చడి ఆనాడు నూరినదే. వంకాయకూర నూనెలో తేలుచున్నది. నేయి యని చెంచాతో చిలికినది నేతి వాసన యెరుగని వనస్పతి. చారు పలుచన. పెరుగు పులుపు. బల్ల తుడిచిన గుడ్డ బల్లకంటె మురికి. వడ్డించువాడు మాత్రము అన్నపు బకెట్టుతో మూడుమార్లు వచ్చి "ఇంకొంచెం పెట్టమంటారా?" అని యడిగెను. ఇన్నిటిని కలిపి ఒక్కమాటలో "బాగున్నది" యనినను అబద్ధమే. "బాగులేదు" అనినను అబద్ధమే.

రుచిని గూర్చి నిజము చెప్పుటకు కొంత తెలివిడియు వలయును. రుబ్బిన పిండి రాత్రియంతయు పులియుటకు వ్యవధి లేనిచోట వంటసోడాను ఎక్కువగా కలుపుదురు. అట్టి ఇడ్లీ పొంగి కనుపించునే కాని నాలుకపై సబ్బు రుచి తగులును. బజ్జీలు నల్లబడి, తిన్న పిదప గొంతు గరగరలాడినచో కాగిన నూనెయే మరల మరల కాగుచున్నదని అనుమానింపవచ్చును. అట్లు కాగుటచే నూనెలో పెరుగు పోలార్ పదార్థములు 25 శాతమునకు మించినచో దానిని వంటకు వాడరాదను నియమము 2018 నుండి దేశమున అమలులో నున్నది. మరియొక ధర్మము కలదు. ఒక్కపూట తిని తీర్పు చెప్పరాదు. పెండ్లి ముహూర్తములనాడు వంటవాడు వేరుచోటికి పోవచ్చును. కూరగాయల వెల పెరిగిననాడు కూర తగ్గవచ్చును. రెండవమారు తిన్న పిదప పలికిన మాటకే బరువు.

నాలుకకు తెలియని సత్యములును విస్తరి చుట్టును ఉన్నవి. గురజాడ కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ ఒక వితంతువు. వేరు జీవనాధారము లేని స్త్రీ ఊరివారికి వండిపెట్టి బ్రతుకుచుండగా, సంతలో సరకులు కొనిపెట్టుదునని ఆమె సొమ్ము గొనిపోయి గిరీశము తన విలాసములకు వెచ్చించెను. అతడు ఆమె వంట రుచిని ఎంత పొగడినను ఆ పొగడ్తకు విలువ యేమి? తిన్నదానికి వెల చెల్లించుట నిజము పలుకుటకు మొదటి అర్హత.

మరియు ఆ బల్లకడ ఎవరు కూర్చుండగలిగిరి, ఎవరు వెలుపల నిలిచిరి? ఒకప్పుడు "బ్రాహ్మణ భోజన హోటలు" అను పలకలు ఊరూర కనుపించెడివి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున హోటళ్ళను, భోజనశాలలను పేర్కొని, కులమత వివక్షతో ఎవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదనెను. అస్పృశ్యతను నేరముగా శిక్షించు చట్టము 1955లో వచ్చెను. ఆ పిదపను పల్లెల టీకొట్లలో దళితులకు వేరుగా గ్లాసులుంచు రెండు గ్లాసుల పద్ధతి బహుకాలము సాగినది. ఆ కొట్టున టీ ఎంత చిక్కగా నున్నను, చూరున వ్రేలాడు ఆ రెండవ గ్లాసును చెప్పని వర్ణన అసత్యమే.

అట్లే ఎంగిలి విస్తళ్ళు తీయు బాలుడు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను హోటళ్ళలో పనికి పెట్టుట 2006లో నిషేధింపబడెను; 2016 సవరణ ఆ నిషేధమును దాదాపు అన్ని పనులకును వ్యాపింపజేసెను. అయినను బల్ల తుడుచు చేయి చిన్నదిగా కనుపించినచో, తినువాడు తలవంచుకొని తినరాదు. ఉపాధ్యాయుడైనచో అసలే తినరాదు. ఆ బాలుని పేరు ఏ బడి హాజరుపట్టిక నుండి జారిపోయినదో విచారింపవలెను.

తెలుగు తరగతిలో వ్యాసరచనకు "నా ఇష్టమైన పండుగ" వంటి విషయములు చాలకాలముగా నున్నవి. ఒకమారు "నేను తిన్న హోటలు భోజనము" అను విషయమునిచ్చి, "చాలా బాగుంది" అను మాట వాడరాదని నియమము పెట్టినచో పిల్లలు మాటలకై వెదకుకొందురు. కమ్మన, వగరు, చిరుచేదు, మాడువాసన, పులిసిన, పలుచన అను పదములు వారి నోట మరల పుట్టును. కన్నది కన్నట్లు వ్రాయుట భోజనముతో మొదలై, జీవితమున పెద్ద విషయములకును ప్రాకును.

పైని చెప్పిన మెస్సులో ఆ ఉపాధ్యాయుడు భోజనానంతరము డబ్బు చెల్లించుచు మెల్లగా అనెను: "పిన్నిగారూ, ఇవాళ పప్పు చాలా కమ్మగా కుదిరింది. చారు మాత్రం పలచనైందండీ."

ఆమె చిల్లర లెక్కించుట మాని తల యెత్తెను. "నిజమే బాబూ. పదిమంది ఎక్కువొచ్చారు, నీళ్ళు పోశాను. రోజూ తినేవాళ్ళు ఒక్కరూ అనలేదు, మీరే అన్నారు."

మరునాడు చారు చిక్కగా నుండెను. నేయి మాత్రము మారలేదు. ఆమెయు దానిని నేయి యని చెప్పుట మానెను.